‘తెలియదు, చూసి చెప్తాను’ అనే మనిషి కోసం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ ఉంది: కంప్యూటర్ షాపు ఉంది, పని ఉంది, పని తెలిసిన మనుషులే దొరకడం లేదు. ఇరవై ఆరేళ్లుగా అమ్మకం కౌంటరు, రిపేరు బెంచి రెండూ నడుపుతున్నదాన్ని కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చేసారికి ఉంచి, ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, కంప్యూటర్ల అమ్మకం, సర్వీసు రెండూ ఉన్న షాపు నాది. ఆరు నెలల్లో నలుగురిని పెట్టుకున్నాను, ఒక్కరూ నిలవలేదు. ఇంటర్వ్యూలో ప్రాసెసర్ జనరేషన్లు, ర్యామ్ స్పీడులు గడగడా అప్పజెప్తారు. తీరా బెంచి మీద కూర్చోబెడితే, ఆన్ కాని సిస్టమ్ ముందు బిక్కమొహం వేస్తారు. నిజంగా పని తెలిసినవాణ్ణి ముందే ఎలా గుర్తుపట్టాలి? – ఒక షాపు యజమాని

జవాబు: మీలాగే నేనూ మాటలు విని మనిషిని తీసుకున్నాను. చాలా ఏళ్ల కిందటి సంగతి. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకు కూడా తడబడని కుర్రాడతను. చేరిన మూడో రోజు బెంచి మీదకు ఒక లాప్‌టాప్ వచ్చింది. కంప్లైంట్ ‘బాగా స్లో’ అని. అది ఒక లెక్కల మాస్టారిది. పదకొండేళ్లుగా ఆయన స్వయంగా టైపు చేసుకున్న ప్రశ్నపత్రాలు, జవాబులు అన్నీ అందులోనే ఉన్నాయి. కుర్రాడు డీ డ్రైవ్ తెరిచాడు. ఖాళీగా కనిపించింది. డేటా ఏమీ లేదనుకుని సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేసేశాడు. మాస్టారేమో ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీద పెట్టుకునేవారు. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా సీ డ్రైవ్‌లోనే కదా ఉండేది.

పైగా అందులో ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డ్రైవ్. పాత రకం హార్డ్‌డిస్క్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి కొన్నయినా లాగేవాళ్లం. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఫలానా చోట్లు ఇక అక్కర్లేదని సిస్టమ్ డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత ఎవరి తరమూ కాదు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. కౌంటరు మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ట్రిమ్ గురించి ఆ కుర్రాడికి తెలియక కాదు. ఇంటర్వ్యూలో నాకు చక్కగా వివరించాడు కూడా. ఫార్మాట్ కొట్టే ముందు మనిషిని అడగాలన్నదే అతనికి అలవాటు లేదు. నేను ఆ అలవాటు ఉందో లేదో చూడకుండా చేర్చుకున్నాను.

అప్పటి నుంచి ‘ర్యామ్ అంటే ఏమిటి, రోమ్ అంటే ఏమిటి’ లాంటి ప్రశ్నలు మానేశాను. వచ్చినవాళ్లను ఒక పాత డెస్క్‌టాప్ ముందు కూర్చోబెడతాను. దానికి మామూలుగా కౌంటరులో రాసినట్టే ఒక చీటీ అంటిస్తాను: ‘ఆన్ అవుతోంది, డిస్‌ప్లే రావడం లేదు.’ లోపల మూడు చిన్న లోపాలు ముందే పెట్టి ఉంచుతాను. ఒక ర్యామ్ స్టిక్ సగమే దిగి ఉంటుంది, ఒకవైపు లాక్ పడదు. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నా, మానిటర్ కేబుల్ మాత్రం మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఉంటుంది. సీమాస్ సెల్, అదే టైమూ సెట్టింగులూ గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ, చచ్చిపోయి ఉంటుంది. ఇవేవీ గొప్ప లోపాలు కావు, మన బెంచి మీదకు రోజూ వచ్చేవే. నలభై నిమిషాలు ఇచ్చి పక్కన కూర్చుంటాను.

మిషన్ బాగుపడిందా లేదా అన్నది నాకు రెండో సంగతి. మొదటి ఐదు నిమిషాల్లో అతని చేతులు ఎక్కడికి వెళ్తున్నాయో చూస్తాను. కొందరు కుర్చీలో కూర్చోగానే స్క్రూడ్రైవర్ అందుకుంటారు. కొందరు నా వైపు తిరిగి, ‘ఎప్పటి నుంచి ఇలా ఉందండీ? దానికి ముందు ఏమైనా మార్చారా? ఎక్కడికైనా కదిలించారా?’ అని అడుగుతారు. ఆ రెండో రకం వాళ్లను చూస్తే నాకు సగం టెన్షన్ తగ్గిపోతుంది. క్యాబినెట్ విప్పకముందే వెనక కేబుళ్లు చూసుకున్నాడా? లోపల చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఆపాడా, ఒంట్లోని స్టాటిక్ పోవడానికి రిస్ట్ స్ట్రాప్ అడిగాడా, అది లేకపోతే క్యాబినెట్ లోహాన్నయినా ముట్టుకున్నాడా? అన్నిటికంటే ముఖ్యం, ఒకసారికి ఒక్కటే మారుస్తున్నాడా? ర్యామ్, కేబుల్, కార్డు మూడూ ఒకేసారి పీకి మళ్లీ పెట్టాడనుకోండి, డిస్‌ప్లే రావొచ్చు. కానీ లోపం దేనిలో ఉందో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. వారం తిరక్కుండా అదే మిషన్ అదే కంప్లైంట్‌తో తిరిగొస్తుంది.

కాస్త పని తెలిసినవాళ్లయితే ముందు అక్కర్లేనివన్నీ తీసి పక్కన పెడతారు. ప్రాసెసర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై, డిస్‌ప్లేకు కావలసినది. వీటితో ఆన్ అయితే తీసినవి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తారు. మల్టీమీటర్ పక్కనే ఉంచుతాను కానీ దాని ఊసెత్తను. 12 వోల్టుల లైను మీద 11.4 నుంచి 12.6 వరకు ఉంటే సరేనని, సీమాస్ సెల్ 3 వోల్టులదని తెలిసినవాడు దాన్ని తనంతట తానే అందుకుంటాడు.

ఒక అమ్మాయి సంగతి చెప్పకుండా ఉండలేను. డెస్క్‌టాప్ పరీక్ష అయ్యాక లాప్‌టాప్ అడుగు మూత తీసి చూపించమన్నాను. ఒక తెల్లకాగితం, టేపు అడిగింది. కాగితం మీద లాప్‌టాప్ అడుగు భాగం బొమ్మ గీసింది, చకచకా, స్కేలు కూడా లేకుండా. స్క్రూ ఒక్కొక్కటి తీస్తూ, బొమ్మలో సరిగ్గా అదే చోట టేపుతో అంటించుకుంటూ పోయింది. పదకొండు స్క్రూలు. వాటిలో నాలుగు మిగతా వాటికంటే కొంచెం పొడుగు. ‘ఇవి పొట్టివాటి చోట బిగిస్తే బోర్డులోకి దిగిపోతాయండీ’ అంది, నేను అడగకుండానే. పొడుగు స్క్రూ దిగి బోర్డు లోపలి పొరలు తెగిన మిషన్లు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి, మళ్లీ లేవలేదు. ఆ అమ్మాయికి అప్పటికి ఏ షాపులోనూ అనుభవం లేదు. మర్నాటి నుంచే రమ్మన్నాను.

పరీక్ష తర్వాత రెండే ప్రశ్నలు. అందరికీ అవే, అదే వరుసలో. మొదటిది: ‘మీ చేతిలో పాడైపోయిన ఒక వస్తువు గురించి చెప్పండి.’ ఏదీ పాడుచేయలేదని చెప్పేవాళ్లు పని చేసి ఉండరు, లేదా దాస్తున్నారు. రెండోది: ‘సిస్టమ్ మూడుసార్లు పొడుగ్గా బీప్ కొట్టింది. ఏం పోయింది?’ ఈ ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. బయోస్, అంటే సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్, ఏ కంపెనీదన్నదాన్ని బట్టి, బోర్డును బట్టి బీపుల అర్థం మారిపోతుంది. ‘ర్యామ్ పోయిందండీ’ అని ఠక్కున చెప్పేవాడు రేపు కస్టమరుకు కూడా అలాగే చెప్పి, పనిచేస్తున్న ర్యామ్ మార్పించేస్తాడు. ‘ఏ బోర్డండీ? నాకిప్పుడు తెలియదు, మాన్యువల్ చూసి చెప్తాను’ అనేవాడు నాకు కావాలి.

ఇదంతా నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచే పద్ధతుల మీద జరిగిన 85 ఏళ్ల పరిశోధనలను ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు 1998లో ఒకచోట చేర్చి చూశారు. పని చేయించి చూసే పరీక్ష ముందు వరుసలో నిలిచింది. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను మళ్లీ సరిచూసినప్పుడు, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే తీరుగా అడిగే ఇంటర్వ్యూ మొదటి స్థానానికి వచ్చింది. ‘ఎన్నేళ్ల అనుభవం’ అన్నది రెండుసార్లూ బాగా వెనకే ఉంది. మనం మాత్రం మొదట అడిగేది అదే.

ఇంకొక్క మాట. మీ ప్రకటనలో ‘అన్నీ తెలిసిన టెక్నీషియన్ కావలెను’ అని ఉందని రాశారు. మదర్‌బోర్డు మీద హాట్ ఎయిర్‌తో ఐసీ మార్చే చిప్ లెవెల్ మనిషి, కౌంటరులో కస్టమరుతో ఓపికగా మాట్లాడే మనిషి, నెట్‌వర్క్ కేబుల్ లాగే మనిషి ఒక్కరే కావడం చాలా అరుదు. ముందు మీ షాపుకు నెలలో ఏ రకం పని ఎక్కువ వస్తోందో పాత జాబ్ కార్డులు తీసి లెక్కపెట్టుకోండి. ఎక్కువ వచ్చే పనికి మనిషిని వెతకండి. చిప్ లెవెల్ పని నెలకు నాలుగైదే వస్తుంటే దాన్ని బయట చేయించుకోవడమే నయం.

ప్రశ్న: అక్కా, ప్రకటన వేస్తే కుప్పలుగా దరఖాస్తులు వస్తున్నాయి, అందులో పనికొచ్చేవాళ్లు ఒక్కరూ ఉండటం లేదు. అసలు ఎక్కడ వెతకాలి?

జవాబు: ప్రకటనలోనే ఒక కంప్లైంట్ పెట్టి చూడండి. ‘లాప్‌టాప్ అరగంట వాడాక దానంతట అదే ఆగిపోతోంది. మీరు మొదట చూసేవి ఏమిటి? నాలుగు వాక్యాల్లో రాసి పంపండి.’ ఇంతే. ఊరికే పంపేవాళ్లు అక్కడే ఆగిపోతారు. రాసినవాళ్లలో ‘ముట్టుకుంటే బాగా వేడిగా ఉందా, ఛార్జర్ మీదా బ్యాటరీ మీదా’ అని ఎదురు ప్రశ్న వేసినవాళ్లను ముందు పిలవండి.

వెతికే చోటు కూడా మార్చండి. నాకు దొరికిన మంచి మనుషుల్లో ఒకరు కాలేజీ ల్యాబ్‌లో సహాయకుడు. యాభై పాత సిస్టమ్‌లను ఏళ్ల తరబడి నడిపించినవాడు. ఇంకొకరు టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు. కంప్యూటర్ కొత్త, మల్టీమీటర్ మాత్రం చేతికి అతుక్కుపోయినట్టు ఉండేది. ఆరు నెలల్లో పవర్ సెక్షన్ రిపేర్లలో అందరినీ దాటిపోయాడు. మరొకరు మా కస్టమరే. ఎస్ఎస్‌డీ కొనడానికి వచ్చి, ‘నా స్లాటు ఎం.2 అని ఉంది కానీ అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా ఎలా తెలుసుకోవాలి?’ అని అడిగింది. ఎం.2 అన్నది స్లాటు ఆకారం, సాటా, ఎన్‌వీఎంఈ అన్నవి డ్రైవ్ సిస్టమ్‌తో మాట్లాడే రెండు తీర్లు. అలా అడిగే మనిషి కౌంటరుకు అవతల ఎందుకు ఉండాలి, ఇవతల ఉండాలి కదా అనిపించి, ఉద్యోగం చేస్తావా అని అక్కడికక్కడే అడిగేశాను.

ప్రశ్న: మా కౌంటరులో కుర్రాడు మాటకారి, అమ్మకాలు బాగా చేస్తాడు. కానీ అమ్మిన వాటిలో చాలా తిరిగొస్తున్నాయి. ర్యామ్ సరిపోలేదని, లాప్‌టాప్ తమ పనికి పనికిరాలేదని గొడవలు. అతన్ని మార్చాలా, నేర్పించాలా?

జవాబు: ముందు అతనికి జీతం ఎలా ఇస్తున్నారో చూడండి. అమ్మిన ప్రతి వస్తువు మీదా కమిషన్ ఇస్తూ, తిరిగొచ్చిన వాటిని లెక్కలోకి తీసుకోకపోతే, కస్టమరును రెండు ప్రశ్నలు అడిగే ఓపిక ఎవరికైనా ఎందుకుంటుంది? నెలాఖరుకు వాపసు వచ్చినవి పోగా మిగిలిన వాటి మీదే కమిషన్ ఇవ్వండి. రెండు నెలలు చూడండి. చాలామంది అక్కడే మారిపోతారు.

తర్వాత నేర్పించండి. అమ్మకం కుర్రాళ్లకు నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. కొనేవాళ్లలా వెళ్లి ‘లాప్‌టాప్ కావాలి’ అని ఊరుకుంటాను. మోడల్ చూపించే ముందు నన్ను ఎన్ని అడిగాడో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను. ఎవరు వాడతారు, దేనికి, రోజూ మోసుకెళ్లాలా, ఇప్పుడున్నది ఏమిటి, దాంతో ఏం ఇబ్బంది. ఇవి అడగకుండా ‘ఇది మంచి ఆఫర్ మేడమ్’ అన్నాడంటే వాపసు అక్కడే మొదలైంది.

మీరు ర్యామ్ గురించి రాశారు. డీడీఆర్4, డీడీఆర్5 డెస్క్‌టాప్ స్టిక్‌లు రెండిటికీ 288 పిన్నులే. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ అడుగున గాటు వేరే చోట ఉంటుంది, వోల్టేజీ కూడా వేరు. ఒకదాని చోట ఇంకొకటి దిగదు. రెండూ అతని చేతిలో పెట్టి, పక్కపక్కన ఆనించి గాటు చూడమనండి. ఒక్కసారి కళ్లతో చూస్తే ఇక మర్చిపోడు. లాప్‌టాప్ అమ్మేటప్పుడు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకోవచ్చా అన్నది చెప్పడం తప్పనిసరి చేయండి. టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన దానికి మానిటర్ పెట్టుకోవచ్చని, దాంతో ఛార్జింగ్ పెట్టుకోవచ్చని చెప్పేయకూడదు. మోడల్ స్పెసిఫికేషన్ తెరిచి చూసి చెప్పాలి. 1 టీబీ అని కొంటే 931 జీబీయే కనిపిస్తోందని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది, మోసమేమీ లేదు. ఈ ఒక్క ముక్క ప్రశాంతంగా చెప్పగలిగితే గొడవ పడడానికి వచ్చినవాళ్లు కూడా థాంక్స్ చెప్పి వెళ్తారు.

విండోస్ 10 విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. దాని మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి కొన్ని కౌంటర్లలో ‘మీ సిస్టమ్ ఇక పనికిరాదు, కొత్తది కొనండి’ అనడం అలవాటైపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0, అంటే రహస్య కీలు భద్రంగా దాచే ఏర్పాటు, కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలి, నిజమే. కానీ చాలా డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అంటారు. పని తెలిసినవాడు బయోస్ తెరిచి ఆన్ చేసి పంపిస్తాడు. ఆ రోజు మీకు ఒక అమ్మకం పోతుంది. ఆ కస్టమరు ఆ తర్వాత ఏది కొనాలన్నా మీ దగ్గరకే వస్తాడు, వాళ్లింట్లో వాళ్లనీ తీసుకొస్తాడు. నా షాపు నిలబడింది అలాంటివాళ్ల వల్లే.

ప్రశ్న: మేడమ్, హార్డ్‌వేర్ కోర్సు చేశాను, సర్టిఫికెట్ ఉంది. ఎక్కడికి వెళ్లినా అనుభవం అడుగుతున్నారు. పైగా ‘ఆడపిల్లవి, కౌంటరులో బిల్లులు రాయి, బెంచి ఎందుకు’ అంటున్నారు. నాకు బెంచి పనే ఇష్టం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ మాట నాతోనూ అన్నారు. నేను బెంచి వదల్లేదు. నువ్వూ వదలకు.

సర్టిఫికెట్‌ను తీసిపారేయను. కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్ లాంటి వాటికి రెండు పరీక్షలు పాసవ్వాలి, ఒక్కోదానికి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. కష్టపడి చదివావని అది చెప్తుంది. చేతికి పని తెలుసా అన్నది మాత్రం దానిలో కనిపించదు. దాన్ని చూపించడానికి ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఇంట్లోవాళ్లవి, స్నేహితులవి, స్క్రాప్‌లో దొరికినవి, ఏదైనా సరే ఇరవై మిషన్లు చూడు. ఒక్కోదానికి ఒక పేజీ. కంప్లైంట్ ఏమిటి, మొదట ఏమనుకున్నావు, ఏం చూశావు, ఏది మార్చావు, చివరికి ఏమైంది. నువ్వు మొదట అనుకున్నది తప్పయితే అది కూడా కొట్టేయకుండా ఉంచు. బాగుపడనివీ రాయి. ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లు. నా దగ్గరకు అలాంటి నోట్‌బుక్‌తో ఎవరైనా వస్తే సర్టిఫికెట్ అడగడం కూడా మర్చిపోతాను.

జాగ్రత్తలు రెండు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చొద్దు, వంచొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. టకటకమని శబ్దం చేస్తున్న హార్డ్‌డిస్క్‌ను ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని పదేపదే ఆన్ చేయొద్దు, ఆన్ చేసిన ప్రతిసారీ లోపల మిగిలింది కూడా గీసుకుపోవచ్చు. దానిలో ముఖ్యమైన డేటా ఉంటే నీ పని కాదని చెప్పి రికవరీ చేసేవాళ్ల దగ్గరకు పంపించు. పని వదులుకున్న ఆ పేజీ కూడా నోట్‌బుక్‌లో ఉండాలి. నాలాంటివాళ్లు ముందు చూసేది ఆ పేజీనే.

షాపువాళ్లు ఒప్పుకోకపోతే వారం రోజులు పనిచేసి చూపిస్తాను, ఆ వారానికి డబ్బులివ్వండి అని అడుగు. ఊరికే చేస్తానని మాత్రం అనకు.

ప్రశ్న: ఒక కుర్రాడికి రెండేళ్లు కూర్చోబెట్టి పని నేర్పించాను. అంతా వచ్చాక వేరే షాపుకు వెళ్లిపోయాడు. ఇక ఎవరికీ నేర్పకూడదని, నేర్పినా బాండు రాయించుకోవాలని అనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: మీ కడుపుమంట అర్థమవుతోంది. నా దగ్గర నుంచి అలా వెళ్లినవాళ్లు ఐదుగురు. అయినా బాండు వద్దు. బాండుతో ఆగిన మనిషి బెంచి దగ్గర ఉంటాడు కానీ మనసు పెట్టడు, మనసు పెట్టని చేతిలో కస్టమరు మిషన్ పెట్టలేం.

వెళ్లిపోయిన వాళ్లలో ఒకతన్ని కొన్నాళ్ల తర్వాత కలిసి, ఎందుకు వెళ్లావని సూటిగా అడిగాను. జీతం అంటాడనుకున్నాను. ‘కస్టమర్ ముందు మీరు నన్ను గట్టిగా అనేవారు మేడమ్. లోపలికి పిలిచి అని ఉంటే ఉండేవాణ్ణి’ అన్నాడు. నాకు గుర్తు కూడా లేదు. అతనికి మూడు సందర్భాలు తేదీలతో సహా గుర్తున్నాయి. ఆ తర్వాత షాపులో ఒక నియమం పెట్టుకున్నాను: తప్పు ఎవరిదైనా కస్టమరుతో నేనే మాట్లాడతాను, కుర్రాళ్లతో షట్టరు దించాక మాట్లాడతాను.

జీతం కూడా చూడండి. చేరినప్పుడు దుమ్ము దులపడం తప్ప రాని కుర్రాడు రెండేళ్లకు పవర్ సెక్షన్ రిపేరు చేస్తున్నాడు. జీతం మాత్రం దుమ్ము దులిపే రోజుల దానికి కాస్త ఎక్కువ. అతని పని విలువ పక్క షాపువాడికి తెలిసింది, మనకు తెలియలేదు. నేర్చుకున్న ఒక్కో పనికి ఒక్కో మెట్టు పెట్టి, ఏ మెట్టుకు ఎంతో ముందే గోడ మీద రాసి పెట్టండి.

ఇక మీకు అసలు నష్టం ఎక్కడ జరిగిందంటే, అతను నేర్చుకున్నదంతా అతనితోనే వెళ్లిపోయింది. మా షాపులో ప్రతి జాబ్ కార్డు వెనక నాలుగు లైన్లు రాయకుండా మిషన్ డెలివరీ ఇవ్వం. మొన్నటిది ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘కంప్లైంట్: అరగంటకు ఆగిపోతోంది. చూసింది: ఫ్యాన్ తిరుగుతోంది, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దిండులా ఉంది. చేసింది: దుమ్ము తీసి, పాత పేస్ట్ తుడిచి కొత్తది పెట్టాను. తర్వాత: లోడ్ మీద 96 నుంచి 74 డిగ్రీలకు దిగింది, గంటన్నర నడిపి చూశాను.’ కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండు వారాలు రోజుకో గంట ఈ కార్డులే చదువుతారు. వెళ్లిపోయిన ఐదుగురి రాతా ఆ కార్డుల్లో ఉంది. ఇప్పటికీ పిల్లలు వాటి నుంచి నేర్చుకుంటున్నారు.

ప్రతి బుధవారం మొదటి గంట షాపు తెరవకుండా ఒకరు మిగతావాళ్లకు ఆ వారం చూసిన ఒక కొత్త లోపం చెప్తారు. ఆ గంట వ్యాపారం పోతుందని మొదట్లో బెంగపడ్డాను. ఇప్పుడు ఏ సీజన్‌లోనూ దాన్ని ఆపను.

ప్రశ్న: పనితనం సరే. కస్టమర్ల ఫొటోలు, ఫైళ్లు మన కుర్రాళ్ల చేతుల్లో ఉంటాయి. నిజాయితీని ఎలా పరీక్షించాలి?

జవాబు: మొహం చూసి నిజాయితీ కనిపెట్టే విద్య నాకు రాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఫైళ్లతో సంబంధమే లేని చిన్న లోపం పెట్టిన లాప్‌టాప్‌లను రిపేరు షాపులకు ఇచ్చి, లోపల ఏం జరిగిందో రికార్డు చేశారు. 2022లో ఆ ఫలితాలు బయటపెట్టారు. ఆరు చోట్ల షాపువాళ్లు కస్టమరు సొంత ఫైళ్లు తెరిచి చూశారు, రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా బెంచి మీద ఏం జరుగుతోందో నాకు మాత్రం ఏం తెలుసు?

మర్నాడే బెంచిలు తిప్పించాను. తెరలన్నీ ఇప్పుడు అందరికీ కనిపించేట్టు ఉంటాయి. ఫ్యాన్, కీబోర్డు, హింజ్ లాంటి పనులకు పాస్‌వర్డ్ అసలు అడగం. హార్డ్‌వేర్ పరీక్ష అంతా మా సొంత యూఎస్‌బీ నుంచి బూట్ చేసి చూస్తాం, కస్టమరు విండోస్‌లోకి వెళ్లం. పెన్‌డ్రైవులు షాపువే వాడాలి, నంబర్లు వేసి ఉంటాయి. మదర్‌బోర్డు మార్చాలన్నా, బయోస్ అప్‌డేట్ చేయాలన్నా బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు, ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ కస్టమరు దగ్గర ఉందని తేల్చుకున్నాకే ముట్టుకుంటాం. ఉద్యోగంలో చేరేవాళ్లకు ఈ నియమాలు మొదటి రోజే చదివి వినిపిస్తాను. ‘ఇంత అవసరమా మేడమ్’ అని విసుక్కున్నవాళ్లను రెండో రోజు రమ్మనను.

ప్రశ్న: నేను షాపు యజమానిని కాదు, మామూలు కస్టమర్ని. నా లాప్‌టాప్ ఇచ్చే షాపులో పని తెలిసినవాళ్లు ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: లాప్‌టాప్ చేతికి తీసుకోగానే రేటు చెప్పారా, ప్రశ్న అడిగారా చూడండి. ‘మదర్‌బోర్డు పోయింది’ అంటే దేన్ని చూసి అలా అనుకున్నారో అడగండి. తెలిసినవాళ్లు మీకు అర్థమయ్యే మాటల్లో చెప్తారు, తెలియనివాళ్లు ఇంకా పెద్ద పేర్లు చెప్తారు. మార్చిన పాత భాగం తిరిగి ఇస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి.

జాబ్ కార్డులో మీ ఫైళ్ల గురించి ఏమైనా రాసుకున్నారేమో కూడా చూడండి. మా కార్డులో ‘ముఖ్యమైన ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, బ్యాకప్ ఉందా’ అని ఒక గడి ఉంటుంది, దాని కింద కస్టమరు సంతకం. లెక్కల మాస్టారి లాప్‌టాప్ తర్వాత అచ్చు వేయించిన గడి అది. అది నిండకుండా ఏ మిషన్‌నూ కౌంటరు దాటించి బెంచి మీదకు పంపను.